గిడ్డంగి గోడ మీద హెస్టర్

పదకొండు సెకన్లు. అంతకంటే లేదు. ల్యాప్‌టాప్ తెర మీద బూడిదరంగు నీడలు రెండు కదిలాయి, దగ్గరికొచ్చాయి, విడిపోయి ఆగిపోయాయి. వకుళ బొమ్మని మళ్ళీ మొదటికి తిప్పి అన్నయ్య ముందుకి జరిపింది.

సుదర్శనం కళ్ళజోడు లుంగీ అంచుతో తుడుచుకుని, ముక్కు తెరకి ఆనేంతగా వంగి చూశాడు. ఆయనకి అరవై ఒకటో ఏడు. పుట్టుకతోనే వినపడదు. బందరులో ఓ ముద్రణాలయంలో ముప్ఫై ఏళ్ళు కంపోజిటరుగా సీసపు అక్షరాలు పేర్చాడు. ఆ పనే లోకంలోంచి మాయమైపోయాక ఇంటిపట్టునే ఉంటున్నాడు. రెండోసారి చూశాక కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డాడు. బల్ల మీద చీటీల కట్ట లాక్కుని రాశాడు.

“అమ్మ.”

దాని కిందే ఇంకో ముక్క రాశాడు. “అన్నం చల్లారిపోతోంది రమ్మంటోంది.”

ఆ చేతులు అమ్మవని వకుళకీ తెలుసు. ఏమంటున్నాయో మాత్రం అన్నయ్య రాసేదాకా తెలియలేదు. సిగ్గుపడాల్సిన సంగతే, ఆవిడ సిగ్గుపడింది కూడా. వాళ్ళమ్మ అలివేలమ్మకీ వినపడదు. బడి మొహం చూడని మనిషి, తన చేతులతో తనే ఓ భాష కల్పించుకుంది. నాన్న పోయాక లోకంలో ఆ భాష తెలిసినవాళ్ళు ముగ్గురే, ఆవిడా, ఇద్దరు పిల్లలూ. వినికిడి ఉన్న పిల్ల వకుళ పదో ఏట హాస్టలుకి వెళ్ళింది. చదువూ, ఉద్యోగం, విశాఖలో ప్రయోగశాల. ఆవిడ చేతుల్లో ఆ భాష తుప్పు పట్టిపోయింది. అమ్మ పోయి ఇరవై ఎనిమిదేళ్ళయింది. అన్నాచెల్లెళ్ళు ఎదురుపడితే చీటీల మీద మాట్లాడుకుంటారు, దూరంగా ఉంటే ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టుకుంటారు.

ఇంతకీ ఆ చేతులు గోడలోంచి ఎలా వచ్చాయో చెప్పాలి.

తడి సున్నం గోడ మీద రాయిగా మారడానికి సుమారు నలభై రోజులు పడుతుంది. ఆ నలభై రోజుల్లో దాని మీద పడిన వెలుగూ నీడా సున్నపు పలుకుల్ని ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ వంచుతాయి. గట్టిపడ్డాక ఆ వంపు ఇక మారదు. సన్నటి కిరణంతో ఆ పలుకుల్ని ఒక్కొక్కటే కాల్చి, కాలుతున్నప్పుడు వచ్చే మెరుపుని బట్టి ఆ వంపుని చదివే యంత్రాన్ని వకుళా, ఆవిడతోపాటు పనిచేసే జుబేదా పదకొండేళ్ళు కష్టపడి తయారుచేశారు. దానికి ఓ పెద్ద లోపముంది. ఒక పొరని చదివితే ఆ వేడికి దాని కింది పొరలన్నీ బుగ్గిపాలవుతాయి. పోనీ పొర పొరా ఊడదీసి విడివిడిగా చదువుదామంటే పిండైపోతాయి. అంటే ఏ గోడనైనా ఒకే ఒక్కసారి చదవగలరు, అందులోనూ ఒకే ఒక్క పొర.

మొదటిసారి బయట పరీక్షించడానికి పాత సున్నపు గోడ కావాల్సివచ్చింది. వకుళకి వేరే గోడ వెతకాల్సిన పనేముంది, పుట్టిల్లే ఓ పాత ఉప్పు గిడ్డంగి. వాళ్ళ తాత దాన్ని కొని, మధ్యలో అడ్డుగోడలు లేపి ఇల్లు చేసుకున్నాడు. గోడ పాడుచేస్తే అన్నయ్య చిరాకుపడతాడని, బీరువా వెనకాల ఎవరికీ కనపడని మూల చూసి అరచెయ్యంత మేర యంత్రం పెట్టింది. ఏ ఇల్లాలైనా అలాగే చేస్తుంది. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత అమ్మ రోజూ సాయంత్రం లాంతరు పెట్టుకుని కూర్చున్న మూల అదేనని అప్పుడు గుర్తు రాలేదు.

ఉప్పెన నీళ్ళు ఆ ఇంట్లో రొమ్ము ఎత్తున నిలిచాయి. బురద కడిగించి, నాన్న పన్నెండో రోజు అయ్యాక గోడలకి వెల్ల వేయించారు. ఊళ్ళో రెండు నెలలు కరెంటు లేదు. లాంతరు ముందు అమ్మ మాట్లాడితే ఆ చేతుల నీడ తడి సున్నం మీద పడేది. ఆ ముందేళ్ళలో గానీ తర్వాత గానీ అలా పడలేదు. తర్వాత ట్యూబులైటు వచ్చింది, వెల్ల పోయి డిస్టెంపరు వచ్చింది. అమ్మ మాటలున్న పొర ఆ గోడకి ఒకటే.

యంత్రం బిగించినప్పుడు పక్కనే పళ్ళెమంత పెచ్చు ఒకటి ఊడిపడింది. దాన్ని పారెయ్యడానికి జుబేదాకి మనసొప్పలేదు. “వెనకవైపు నుంచి చూద్దాం, పోయేదేముంది?” అని విశాఖకి పట్టుకెళ్ళింది. అరవై పొరల వెనకనుంచి చదివేసరికి వరసగా వెలుగు కొట్టుకుంటున్న జాడ దొరికింది, సెకనుకి పదహారు సార్లు. కంప్యూటరు బయటపెట్టిన గీతల్ని ప్రయోగశాలలో ఎవరూ పోల్చుకోలేకపోయారు. వకుళ ఊరికే అన్నయ్యకి పంపింది. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

“ఇంగ్లీషు. అక్షరాలు తిరగబడి ఉన్నాయి. హెస్టర్ అని ఉంది. చుట్టూ పువ్వుల బోర్డరు.”

ముప్ఫై ఏళ్ళు అద్దంలో బొమ్మలా తిరగబడ్డ అక్షరాలని వేళ్ళతో పేర్చిన మనిషికి అదొక లెక్కా! మిగతాది జుబేదా తవ్వితీసింది. పంతొమ్మిది వందల పదిహేడులో ఊరూరా తిరిగే సినిమా కంపెనీ ఒకటి ఆ గిడ్డంగిని మూడు వారాలకి అద్దెకి తీసుకుంది. తెర కొనే స్తోమతు లేక గోడకి తెల్లగా వెల్ల వేయించి, ఆరకముందే దాని మీద అమెరికా మూకీ సినిమా ఒకటి ఆడించింది. ఇరవై రెండు ఆటలు ఒకదాని మీద ఒకటి పడి బొమ్మ చిక్కబడింది.

సినిమా పేరు ‘ఎ క్యాండిల్ ఫర్ హెస్టర్’. అనుమానపు మొగుడు మంచులోకి గెంటేసిన ఇల్లాలి కథ. ఏటా చలికాలంలో ఆవిడ దొంగలా వచ్చి, కిటికీలో వెలిగే కొవ్వొత్తి వెలుతురులో తన బిడ్డని బయటనుంచి చూసుకుని పోతుంది. ఆ కాలపు పత్రికలో వచ్చిన నాలుగు ముక్కలు తప్ప ఎక్కడా ఏమీ మిగల్లేదు. రీళ్ళు కొన్ని తగలబడిపోయాయి, కొన్నిటిని వెండి కోసం కరిగించేశారు. హెస్టర్‌గా వేసిన లెనోరా వేల్‌కి అదే మొదటి సినిమా, అదే ఆఖరిది. మరుసటేడు కాన్పులో పోయింది.

సంగతి బయటికి పొక్కిన నెలకి అమెరికానుంచి ఉత్తరం వచ్చింది. రాసినావిడ లెనోరా మనవరాలు ఎలినార్, ఎనభై ఆరేళ్ళ మనిషి. ‘మా అమ్మ పుట్టిన రోజే వాళ్ళమ్మ పోయింది. అమ్మ దగ్గర ఒకే ఒక్క ఫొటో ఉండేది. కదలని మొహాన్ని తొంభై ఏళ్ళు చూసి చూసి పోయింది. మా అమ్మమ్మ ఎలా నడిచేదో ఒక్కసారి చూడాలని ఉంది. నాకు పెద్ద వ్యవధి లేదు.’

ఉత్తరం చదివి జుబేదా కళ్ళు తుడుచుకుంది. “వకుళా, ఇంక ఆలోచించడానికేముంది? పైన డిస్టెంపరూ, నాలుగు పొరలూ తడిపి గీకేస్తే మనకి దారి దొరుకుతుంది.”

“ఆ నాలుగు పొరల్లో మా అమ్మ ఉంది.”

జుబేదా ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. “నీ ఇల్లు, నీ అమ్మ. నేనేమీ అనకూడదు. కానీ పదకొండు సెకన్లు దొరికాయిగా నీకు. ఆవిడకి ఒక్క సెకను కూడా లేదు.”

“నాకు కావాల్సింది ఆ పదకొండు సెకన్లలో లేదు,” అంది వకుళ.

కావాల్సిందేమిటో జుబేదాకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మొగుడికి కూడా. ఉప్పెన వచ్చిన రోజు వకుళకి ఏడేళ్ళు. బడి చెప్పులు గిలకలదిండిలో పిన్ని వాళ్ళింట్లో మర్చిపోయి వచ్చి, అవి లేకపోతే బడికి వెళ్ళనని పేచీ పెట్టింది. ఆ ఏడుపు పడలేక నాన్న సైకిలెక్కి వానలో బయల్దేరాడు. మళ్ళీ రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆ తర్వాత లాంతరు ముందు అమ్మ అన్నయ్యతో గంటల తరబడి చేతులు తిప్పుతూ ఏదో చెప్పేది. చాప మీద పడుకుని వకుళ నిద్ర నటిస్తూ నీడలకేసి చూసేది. అవి తనకి తెలిసిన మాటల్లా ఉండేవి కావు. అమ్మ నన్నే అంటోందా? నలభై ఏడేళ్ళుగా ఆవిడ గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటున్న ప్రశ్న అదొక్కటే. ఇప్పుడు దానికి జవాబు బీరువా వెనక గోడలో ఉంది. తియ్యగల యంత్రం తన చేతిలో ఉంది.

ఆ వారం బందరు వెళ్ళి అన్నయ్యకి ఉత్తరం చూపించింది. తన నిర్ణయం చీటీ మీద రాసింది. “అమ్మ పొర చదువుదాం.”

సుదర్శనం తల అడ్డంగా ఊపాడు. “సినిమా చదువు,” అని రాశాడు.

“నీకు అమ్మ అక్కర్లేదా?”

ఆ చీటీ చూసి ఆయన మొహం ఎర్రబడింది. పెన్ను కాగితంలోకి దిగబడేలా రాశాడు. “అమ్మని కదిలించకు.”

అంతకుమించి ఒక్క ముక్క రాయలేదు. వకుళకి ఒళ్ళు మండింది. అమ్మ దగ్గర ముప్ఫై ఏళ్ళకి పైగా ఉండి, ఆవిడ మాటలన్నీ మూటకట్టుకుని, చెల్లెలికి మిగిలిన ఒక్క పొరా దక్కకుండా చేస్తున్నాడే అనిపించింది. “ఇంట్లో సగం నాది. బుధవారం పెద్ద యంత్రం తెస్తున్నాను,” అని రాసి, చీటీ బల్ల మీద కొట్టినట్టు పెట్టి బస్సెక్కేసింది.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి వ్యాను ఇంటి ముందు ఆగింది. వెనక యంత్రం, ముందు వకుళ, జుబేదా. తలుపు తీసే ఉంది. గుమ్మంలోకి అడుగుపెట్టి వకుళ అలాగే నిలబడిపోయింది.

బీరువా గది మధ్యలో ఉంది. నేలంతా తెల్లటి పొడి. పుట్టీ బ్లేడు చేత్తో పట్టుకుని సుదర్శనం స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు, కనుబొమలు, ముంజేతులు అన్నీ సున్నమే. ఆయన వెనక గోడ ఈ కొసనుంచి ఆ కొసదాకా గీకేసి ఉంది. డిస్టెంపరు లేదు, దాని కింద ఉప్పెన ఏటి పొరా లేదు. కిందమూల రెండడుగుల మేర మాత్రం ముట్టుకోకుండా వదిలాడు.

“ఏం చేశావు?” వకుళ గొంతు చించుకుని అరిచింది. “ఎవర్నడిగి చేశావు? నీ ఒక్కడికేనా అమ్మ? నాకు కాదూ? ఎవర్నడిగి చేశావు!”

వీధిలో వాళ్ళు ఆగి చూశారు. వ్యాను డ్రైవరు దిగాడు. జుబేదా తలుపు దగ్గరే ఉండిపోయింది. ఆ కేక వినాల్సిన మనిషి ఒక్కడికే వినపడలేదు. ఆయన చెల్లెలి నోటికేసి ఓపిగ్గా చూస్తూ కూర్చున్నాడు, ఎప్పటికి అయిపోతుందా అన్నట్టు.

వకుళకి మాటలు అయిపోయాయి. చీటీల కట్ట ఎక్కడుందోనని చూసింది, సున్నం కింద ఎక్కడో పడి ఉంది. ఇంక గతిలేక చేతులు ఎత్తింది. అమ్మ. గోడ. నువ్వు. ఆ మూడు మాటలే వచ్చాయి. తర్వాత, ఎంతో వెతుక్కుంటే, ఎందుకు అన్న మాట దొరికింది.

సుదర్శనం బ్లేడు కింద పెట్టాడు. అరచేతులు లుంగీకి తుడుచుకుని, రెండు వేళ్ళు తన ఎడమ చెంపకి ఆనించాడు. చెల్లెలి చెంప మీద సొట్ట అది. అమ్మ పెట్టిన పేరు. ఆ పేరుతో వకుళని ఎవరూ పిలిచి ఎన్నేళ్ళయిందో.

ఇక్కడినుంచి చేతులతో చెప్పుకున్నదాన్ని నోటి మాటల్లా రాయక తప్పదు.

“గోడలో ఏం వెతుకుతున్నావు?” అన్నాడు సుదర్శనం.

“నాన్న,” అంది వకుళ. “చెప్పులు. నేను.” అంతకంటే ఆవిడ చేతులకి రాలేదు. అంతకంటే చెప్పాల్సింది కూడా లేదు.

ఆయన స్టూలు మీంచి ముందుకి వంగాడు. “అది అడగాల్సింది గోడనా? నేనిక్కడే ఉన్నాను కదే. ఇన్నేళ్ళూ ఇక్కడే ఉన్నాను.”

“అమ్మ నన్ను అందా?”

అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఒక్క తల ఊపుతో పోయేది. సాక్షి లేదు, గోడ కూడా లేదు.

“అంది,” అన్నాడు.

వకుళ నేల మీద, ఆ పొడిలోనే కూలబడింది. ఆయన స్టూలు దిగి ఎదురుగా కూర్చుని, ఆవిడకి అందేలా ఒక్కొక్క మాటా నెమ్మదిగా చెప్పాడు.

“నాన్న పోయాక పన్నెండు రోజులు అమ్మ చేతులు కదపలేదు. వెల్ల వేసిన సాయంత్రం మొదలుపెట్టింది. దాని చెప్పుల కోసం పోయాడు, దాని చెప్పుల కోసం పోయాడు. రెండు రోజులు అదే మాట. చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. మూడో రోజు నీకు జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. నిన్ను ఒళ్ళో వేసుకుని ఒక చేత్తోనే మాట్లాడింది నాతో. ఆ తర్వాత చచ్చిపోయేదాకా ఆ మాట మళ్ళీ ఒక్కసారి అనలేదు. నేను అననివ్వక కాదు. ఆవిడే వెనక్కి తీసేసుకుంది.”

వకుళ కళ్ళు తుడుచుకుంటోంది గానీ చూపు ఆ చేతుల మీదనుంచి కదల్చలేదు.

“నీ మిషనుకి ఆ రెండు రోజులూ ఒకటే, మిగతావీ ఒకటే. అన్నీ చదివేస్తుంది. ఆ ఊరివాళ్ళకీ ఈ ఊరివాళ్ళకీ చూపిస్తారు. అమ్మ వెనక్కి తీసుకున్న మాట ఆవిడ చేత మళ్ళీ అనిపిస్తావా? దానికి నేను ఒప్పుకోను. నువ్వు నన్ను తిట్టు, కొట్టు.” ఆయన చెయ్యి కిందమూల మిగిల్చిన ముక్కవైపు చూపించింది. “అక్కడ అమ్మ కూర్చునేది. అది మాత్రం నాకు చేతకాలేదు. నీ వంతు ఉంచాను. ఏం చేసుకుంటావో నీ ఇష్టం.”

గుమ్మం దగ్గర జుబేదాకి ఒక్క మాటా అర్థం కాలేదు. అయినా ఎందుకో చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వకుళ చాలాసేపు ఏడ్చింది. ఏడేళ్ళప్పుడు ఏడవాల్సింది, నిద్ర నటించి దాచుకున్నది, అంతా ఇప్పుడు వచ్చింది. తనని అందన్న బాధ కాదది, లేదా అదొక్కటే కాదు. అన్నదాన్ని మింగేసుకుని పంతొమ్మిదేళ్ళు తనకి జడలు వేసింది, హాస్టలుకి సున్నుండలు పంపింది, పెళ్ళికి పట్టుచీర వెతికి వెతికి కొంది. ఆ చేతులతోనే. తను మాత్రం ఆ చేతులు ఏదో దాస్తున్నాయని దూరదూరంగా తిరిగింది.

“మిగతా ముప్ఫై ఎనిమిది రోజులూ?” అని అడిగింది చివరికి. ఆ అంకె ఎలా చూపించాలో గుర్తులేక వేళ్ళు మూడుసార్లు మార్చుకుంది.

“అవి నా దగ్గరున్నాయి.”

ఆవిడ లేచింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని, బ్లేడు తీసుకుని, కిందమూల మిగిలిన రెండడుగులూ తనే గీకింది. తొందరపడలేదు. సున్నం తడిపి, ఎండినచోట మళ్ళీ తడిపి, మధ్యాహ్నం దాకా గీకింది. సుదర్శనం బక్కెట్టుతో నీళ్ళందించాడు. తర్వాత బయటికి వెళ్ళి జుబేదాతో, “యంత్రం దింపించు. కింది పొర, సినిమా,” అంది.

కింది పొరలన్నీ ఒక్కొక్కటే తొలిచి సినిమా పొర చేరేసరికి నెల పట్టింది, దాన్ని చదవడానికి ఇంకో ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ వకుళ అక్కడే ఉంది. యంత్రం గోడ మీద పురుగులా పాకుతుంటే, అన్నాచెల్లెళ్ళిద్దరూ వరండాలో ఎదురెదురుగా కూర్చునేవారు. ఆయన అమ్మ చెప్పింది చెప్పినట్టు ఒక్కో రోజూ చెప్పుకొచ్చేవాడు. జ్వరం తగ్గిన రోజు, పిన్ని బియ్యం తెచ్చిన రోజు, నాన్న చొక్కాలు ఎవరికిద్దామా అని అమ్మ అడిగిన రోజు. వకుళ మాటమాటకీ ఆపేది. మళ్ళీ చెప్పమనేది. ఆయన విసుక్కునేవాడు, చెప్పేవాడు. ఒకసారి అమ్మ పొరుగింటావిణ్ణి వెక్కిరించిన తీరు చేసి చూపిస్తే ఇద్దరూ పడీపడీ నవ్వారు. జుబేదా లోపల్నుంచి వచ్చి, ఏమైందోనని చూసి వెళ్ళింది.

ఎనిమిదో రోజు సినిమా పూర్తయింది. యాభై ఒక్క నిమిషాలు. కిందమూల మొదట పరీక్ష చేసిన చోట అరచెయ్యంత నల్లటి మచ్చ, అక్కడక్కడా గీతలు. మిగతాదంతా ఉంది. మంచులో హెస్టర్ నిలబడి కిటికీకేసి చూసే చోట జుబేదా బొమ్మని ఆపింది. ఆ మొహం మీద ఏడుపు లేదు, చూపే ఉంది. నూరేళ్ళ కిందట బందరు జనం చాపల మీద కూర్చుని చూసిన మొహం అది.

ఎలినార్‌కి పంపించారు. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. ‘మెట్లు దిగేటప్పుడు ఆవిడ గౌను పట్టుకోదు, చేతిని గోడ వెంట జారుస్తూ దిగుతుంది. మా అమ్మ అలాగే దిగేది. నేనూ అంతే. మాకెవరు నేర్పారో ఇన్నాళ్ళూ తెలియలేదు. మీ గోడకి నా నమస్కారాలు. దాని మీద మీరు పోగొట్టుకున్నదేమిటో మీ స్నేహితురాలు రాశారు. దానికి నేనేం చెప్పగలను?’

సాయంత్రం యంత్రాన్ని వ్యానులోకి ఎక్కించారు. జుబేదా సంచులు సర్ది, వరండాలోకి వచ్చి పిలిచింది. “పని అయిపోయిందిగా, వకుళా. రా, పొద్దుపోకముందే ఏలూరు దాటేద్దాం.”

వకుళ అన్నయ్య వైపు తిరిగింది. ఎన్నో రోజులో ఉన్నామని చేత్తో అడిగింది. సుదర్శనం వేళ్ళు ముడిచి, తెరిచి చూపించాడు. పద్దెనిమిది.

“నువ్వెళ్ళు,” అంది వకుళ జుబేదాతో. “నాకింకా ఇరవై రెండు రోజుల పనుంది.”

వ్యాను వీధి మలుపు తిరిగేదాకా చూసి, వరండాలో లైటు వేసి, చేతులు బాగా కనపడేలా కుర్చీ ముందుకి లాక్కుంది. నెమ్మదిగా చెప్పమని సైగ చేసింది. సుదర్శనం పంతొమ్మిదో రోజు మొదలుపెట్టాడు.